ఎక్కేవారూ దిగేవారూ ఎదురుపడే నిచ్చెన

రోము నగరం చూసి వచ్చినవారి ఫొటోల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. పైనుంచి కిందికి వంగి తీసిన ఫొటో అది. నత్తగుల్ల చుట్ల మాదిరిగా మెట్లు సుడి తిరుగుతూ కిందికి దిగిపోతుంటాయి. పిట్టగోడ పొడవునా కంచు నగిషీ మెరుస్తుంటుంది. అద్దాల పైకప్పులోంచి వెలుతురు పడుతుంటే యాత్రికులు ఆ చుట్ల మీద బారులు తీరి నడుస్తుంటారు. వాటికన్ మ్యూజియంలోని ప్రసిద్ధమైన చుట్టుమెట్లు అవి. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో అక్కడికి వెళ్లి ఆ ఫొటో పంపితే, ఇక్కడ ద్రాక్షారామంలోనో, అమలాపురంలోనో, రాజోలులోనో అరుగు మీద కూర్చుని చూసి ‘ఎంత బాగుందో’ అనుకుంటాం. తరువాతి ఫొటోకు వెళ్లిపోతాం. కాని ఆ మెట్ల కట్టడంలో ఒక విశేషముంది. అది తెలుసుకుంటే మన మందిరాల గురించి, మన ఇళ్ల గురించి, మాటలు లేని మన అన్నదమ్ముల గురించి కాసేపు ఆలోచించక తప్పదు.

రెండు పాయల తాడు

1929లో ఇటలీ ప్రభుత్వానికీ పోపు పీఠానికీ మధ్య లాటరన్ ఒప్పందం కుదిరి వాటికన్ ఒక స్వతంత్ర రాజ్యమయింది. మ్యూజియం చూడటానికి వచ్చేవారు నగర వీధిలోంచి నేరుగా లోపలికి ప్రవేశించడానికి ప్రాకారంలో కొత్త ద్వారం అవసరమయింది. వీధేమో కింద ఉంది, మ్యూజియమేమో పైన ఉంది. ఆ రెంటినీ కలపడానికి 11వ పయస్ పోపు కాలంలో జుసెప్పె మోమో అనే వాస్తుశిల్పి ఈ మెట్లను రూపొందించాడు. 1932లో అవి పూర్తయ్యాయి. పిట్టగోడ మీది కంచు పనిని ఆంటోనియో మరాయిని అనే శిల్పి తీర్చిదిద్దాడు. పోపుల రాజచిహ్నాలు అందులో కనిపిస్తాయి.

చూడటానికి ఒకే మెట్ల వరుసలా అనిపించినా నిజానికి అవి రెండు. కొబ్బరిపీచుతో రెండు పాయల తాడు పేనడం మన కోనసీమవారికి తెలిసిందే. ఒక పాయను మరొకటి చుట్టుకుంటూ సాగుతుంది గాని ఏ పాయ దారి దానిదే. మోమో మెట్లు కూడా అంతే. ఒక వరుస ఎక్కేవారికి, రెండో వరుస దిగేవారికి. ఎక్కేవారికి దిగేవారు అవతల కనిపిస్తూనే ఉంటారు. కాని అడుగు నుంచి కొస వరకు ఎక్కడా ఎదురుపడరు. ఒకరి భుజం ఒకరికి తగలదు. ఒకరి కోసం ఒకరు ఆగనక్కరలేదు, ఒకరికి ఒకరు దారి ఇవ్వనక్కరలేదు. వేలాది జనం వచ్చే చోట ఇది గొప్ప సౌకర్యమే. 2000వ సంవత్సరంలో మ్యూజియానికి మరో కొత్త ప్రవేశద్వారం ఏర్పడ్డాక ఈ మెట్లు బయటికి వెళ్లేవారికి దారి అయ్యాయి.

మోమోకు ఈ ఆలోచన ఇచ్చిన పాత మెట్లు కూడా అదే వాటికన్‌లో ఉన్నాయి. రెండవ జూలియస్ పోపు కోసం బ్రమాంటె అనే మహాశిల్పి 1505 ప్రాంతంలో మొదలుపెట్టిన కట్టడమది. చదరపు బురుజులో స్తంభాల చుట్టూ వాలుగా తిరుగుతూ పైకి పోయే దారి. గుర్రాలు కూడా ఎక్కగలిగేలా కట్టారు.

ఇక మన చార్మినార్ సంగతి చూడండి. 1591లో కట్టిన ఆ కట్టడపు మినార్ల లోపల కూడా చుట్టుమెట్లే ఉన్నాయి. 149 మెట్లు. రోములోని మెట్లకున్న వైశాల్యం గాని, నగిషీ గాని వీటికి లేవు. చాలా ఇరుకు. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు ఒదిగి నిలబడక తప్పదు. ‘మీరు రండి’ అని ఒకరు అనాలి. అప్పుడే ఇద్దరూ ముందుకు సాగగలరు.

ఈ రెండు రకాల మెట్లలో మన క్రైస్తవ జీవితం దేనిలా ఉంది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుందాం.

ఎదురుపడకుండా బతికే భక్తి

ఏ ఊరి సంఘాన్నయినా తీసుకోండి. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములుంటారు. తండ్రి పోయాక కొబ్బరితోట పంచుకునేటప్పుడు గట్టు దగ్గర మాట తేడా వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇద్దరూ ఆదివారం ఆరాధన తప్పరు. ఒకరు కుడివైపు తలుపులోంచి వస్తే మరొకరు ఎడమవైపు తలుపులోంచి వస్తారు. ఒకే పాట పాడతారు, ఒకే వాక్యం వింటారు, ఒకే రొట్టెలో పాలు పొందుతారు. దీవెన ప్రార్థన ముగిసీ ముగియకముందే ఒకాయన లేచి చెప్పులు వెతుక్కుంటాడు. మందిరపు మెట్ల మీద తమ్ముడు ఎదురుపడకూడదని! అలా ఏళ్లు గడిచిపోతాయి. పిల్లలు పెద్దవాళ్లవుతారు. పెదనాన్న ఇల్లు పక్క వీధిలోనే ఉన్నా వాళ్లకు ఆ గడప తెలియదు.

సంఘ కమిటీ ఎన్నికల్లో ఓడినవారు మొదట వెనక బెంచీకి జరుగుతారు. తరువాత వేరే పూట ఆరాధన పెట్టుకుంటారు. ఆఖరికి వేరే తాళం కొనుక్కుంటారు. తలుపుకు రెండు తాళాలు పడ్డాక కోర్టు మెట్లెక్కుతారు. అత్తాకోడళ్లు ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగించుకుంటారు. కట్నం దగ్గరో, పెళ్లి పిలుపు దగ్గరో మొదలైన పట్టింపు చావు కబురు వచ్చేదాకా నడుస్తుంది. చావుకు వచ్చినప్పుడైనా మాట్లాడుకుంటారా అంటే, పెట్టె చెరోవైపు పట్టుకుని సమాధుల తోట దాకా మౌనంగా నడుస్తారు.

ఇందులో కొట్టుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు. పైకి అంతా ప్రశాంతమే. మోమో మెట్ల మీద కూడా ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఒకరికొకరు అడ్డం రాకుండా దారులు వేరుచేశారు గనుక! కాని ఎదురుపడని చోట సమాధానం ఉందని ఎలా చెప్పగలం? ‘వాళ్లతో మాకేం గొడవ లేదండి, మా మానాన మేముంటున్నాం’ అని మనలో చాలామంది అంటుంటారు. ఎంతో శాంతంగా వినిపించే ఈ మాట వెనక ఎన్ని కన్నీళ్లు గడ్డకట్టి ఉన్నాయో దేవునికి తెలుసు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎక్కాలనే తపన

మనిషికి ఎక్కడమంటే ఇష్టం. మా ద్రాక్షారామంలో భీమేశ్వరాలయ గర్భాలయం రెండంతస్తులు. దూరప్రాంతాల నుంచి వచ్చే యాత్రికులు మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. మన యెరూషలేము యాత్రికులు కూడా ఎక్కినవారే. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న 15 యాత్రకీర్తనలు కొండమీది పట్టణానికి ఎక్కిపోతూ పాడుకున్నవని పండితులు చెబుతారు. సొలొమోను కట్టిన దేవాలయంలో కూడా పై అంతస్తుల గదులకు చుట్టుమెట్లు ఉండేవని 1 రాజులు 6:8ని బట్టి చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. దేవునికి దగ్గర కావాలని మెట్లెక్కడంలో తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడమే మన గొప్పతనమని, ఎక్కితేనే దేవుడు దొరుకుతాడని అనుకున్నప్పుడు మొదలవుతుంది. బాబెలువారు ఆకాశాన్నంటే గోపురం కట్టి పేరు సంపాదించుకోవాలనుకున్నారు. ఆదికాండం 11వ అధ్యాయంలో ఈ కథ చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. వారి దృష్టిలో ఆ గోపురం ఆకాశాన్ని తాకుతోంది. కాని దాన్ని చూడటానికి కూడా దేవుడు దిగి రావలసివచ్చింది! మనం ఎంత ఎత్తు కట్టామనుకున్నా పరలోకం నుంచి చూస్తే అది అంత చిన్నది.

బ్రమాంటె వాటికన్‌లో పోపు కోసం ఆ గుర్రాల దారి కడుతున్న రోజుల్లోనే జర్మనీ నుంచి ఒక పేద సన్యాసి కాలినడకన రోము చేరాడు. అతని పేరు మార్టిన్ లూథర్. 1510–11 శీతకాలంలో అని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. రోములో పవిత్రమెట్లుగా పేరుపొందిన 28 పాలరాతి మెట్లున్నాయి. పిలాతు భవనంలో యేసు ప్రభువు ఎక్కిన మెట్లు అవేనని అక్కడివారి సంప్రదాయం. భక్తులు వాటిని మోకాళ్ల మీదే ఎక్కాలి. దిగడానికి మాత్రం పక్కన వేరే మెట్లుంటాయి. 1723లో ఆ పాలరాతిపై చెక్క పరిచి కప్పారు. 2019లో మరమ్మతు కోసం ఆ చెక్క తొలగించినప్పుడు, తరతరాల మోకాళ్ల రాపిడికి రాయి లోతుగా గుంటలు పడి కనిపించింది. ఆ గుంటలను చూసి నవ్వడానికి మనకు హక్కు లేదు. వాటి వెనక ఎందరి భయం, ఎందరి ఆశ ఉన్నాయో!

లూథర్ కూడా ఒక్కొక్క మెట్టు మీద ప్రార్థన చెబుతూ ఎక్కాడు. చనిపోయిన తన తాత ఆత్మకు విడుదల కలగాలని అతని కోరిక. పైకి చేరాక ‘ఇది నిజమో కాదో ఎవరికి తెలుసు’ అన్న సందేహం కలిగిందని తన చివరి సంవత్సరాల్లో ఆయనే ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. నీతిమంతుడు విశ్వాసమూలంగా జీవిస్తాడన్న లేఖనం ఆ మెట్ల మీదే ఆయన మనసుకు తట్టిందని తరువాత ఆయన కుమారుడు పౌలు చెప్పాడు. ఏది ఎలా ఉన్నా, ఆ సందేహం ఊరకే పోలేదు. రోమా పత్రిక 1:17 దగ్గర ఆయనకు జవాబు దొరికింది. 1517 అక్టోబరు 31న విటెన్‌బర్గులో 95 అంశాలతో మొదలైన సంస్కరణోద్యమం నుంచే ఈనాటి మన ప్రొటెస్టెంటు సంఘాలన్నీ వచ్చాయి. మనిషి మెట్లెక్కి దేవుణ్ని చేరలేడు గనుక దేవుడే మెట్లు దిగి మనిషి దగ్గరికి వచ్చాడన్నదే ఆ ఉద్యమం తిరిగి కనుగొన్న సువార్త.

ఈ సువార్తను నమ్మినవారం మనం. మోకాళ్లతో మెట్లెక్కితే రక్షణ రాదని అందరికీ బోధిస్తాం. మరి తమ్ముడి ఇంటి ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి మన మోకాళ్లు ఎందుకు వంగవు?

అన్న నుంచి పారిపోతున్నవాడికి కనిపించిన నిచ్చెన

బైబిల్లో ఎక్కడం, దిగడం రెండూ కలిసి కనిపించే చోటు బేతేలు. రాయి తలకింద పెట్టుకుని పడుకున్న యాకోబుకు కలలో ఒక నిచ్చెన కనిపించింది. భూమి మీద నిలిచి ఆకాశాన్ని అంటిన ఆ నిచ్చెన మీద దేవదూతలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు (ఆది. 28:12). ఒకటే నిచ్చెన! ఎక్కేవారికి ఒకటి, దిగేవారికి ఒకటి లేదు.

సండేస్కూల్లో ఈ కథ నేర్చుకున్నప్పుడు నిచ్చెన బొమ్మ వేసి రంగులు పూశాం గాని, యాకోబు ఆ రాత్రి అక్కడ ఎందుకు ఉన్నాడో అంతగా పట్టించుకోలేదు. అతడు తీర్థయాత్రకు వెళ్లడం లేదు. అన్న ఏశావును మోసగించి, అతని కోపానికి భయపడి పారిపోతున్నాడు. ఆస్తి తగాదాలో అన్నకు ముఖం చాటేసిన తమ్ముడతడు. అలాంటివాడికి దేవుడు ఆ నిచ్చెన చూపించాడు. పరలోకానికీ భూమికీ మధ్య దారి తెరిచే ఉందని చెప్పాడు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. లాబాను దగ్గర 20 ఏళ్లు గడిచాయి. భార్యలు, పిల్లలు, మందలు అన్నీ సమకూరాయి. నేటి భాషలో చెప్పాలంటే ‘దేవుడు బాగా ఆశీర్వదించాడు’ అని సాక్ష్యం చెప్పుకోదగిన స్థితి. కాని దేవుడు అతణ్ని అన్న ఉన్న దిక్కుకే తిరిగి నడిపించాడు. ఏశావు 400 మందితో ఎదురు వస్తున్నాడని కబురు తెలిసింది. తప్పించుకోవడానికి ఈసారి దారి లేదు. ఆ రాత్రంతా యాకోబు దేవునితో పోరాడాడు. తెల్లవారాక కుంటుతూ అందరికంటే ముందు నడిచి వెళ్లి, అన్న ముందు ఏడుసార్లు నేలకు వంగాడు (ఆది. 33:3). ఏశావు పరుగెత్తుకుంటూ వచ్చి తమ్ముణ్ని కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు యాకోబు అన్న మాట ఏమిటంటే, అన్న ముఖం చూడటం దేవుని ముఖం చూసినట్టుగా ఉందని (ఆది. 33:10)!

బేతేలులో నిచ్చెన చూసినవాడు దేవుని ముఖాన్ని అన్న ముఖంలో చూశాడు. ఈ రెంటికీ మధ్య 20 ఏళ్లు పట్టింది. మన ఇళ్లలో ఎన్ని ఏళ్లు గడిచాయో ఎవరికి వారు లెక్కపెట్టుకోవాలి.

తరువాతి కాలంలో యేసు ప్రభువు నతనయేలుతో మాట్లాడుతూ, దేవదూతలు మనుష్యకుమారుని మీదుగా ఎక్కుతూ దిగుతూ ఉండటం చూస్తారని చెప్పాడు (యోహాను 1:51). అంటే ఆ నిచ్చెన ఆయనే. ఆయనలో ఎక్కేవారూ దిగేవారూ ఒకే దారిలో ఎదురుపడాలి. నాకొక క్రీస్తు, నా తమ్ముడికొక క్రీస్తు లేరు. ఉన్నది ఒకే నిచ్చెన అయినప్పుడు, తమ్ముడికి ఎదురుపడకుండా దేవుని దగ్గరికి వెళ్లే దారి మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఒక మెట్టు దిగడం

తెలుగులో ‘ఒక మెట్టు దిగడం’ అనే మాట ఉంది. పంతం పట్టినవాడు కాస్త తగ్గితే ‘ఆయన దిగి వచ్చాడు’ అంటాం. ఇది మనకు ఓటమిలాగే వినిపిస్తుంది. ‘నేనెందుకు దిగాలి? తప్పు వాళ్లదైతే!’ అంటాం. ఫిలిప్పీ సంఘంలోనూ ఇదే జరిగింది. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగలేదు. వారిద్దరూ సామాన్యులు కారు. సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవారు. ఎవరిది తప్పో, గొడవ దేని గురించో పౌలు రాయలేదు. ఏకమనస్సుతో ఉండండని ఇద్దరినీ పేరుపేరునా బతిమాలాడు. వారికి సహాయం చేయమని సంఘంలో మరొకరిని కూడా కోరాడు (ఫిలిప్పీ 4:2, 3).

ఈ గొడవ ఉన్న సంఘానికి రాసిన ఉత్తరంలోనే రెండో అధ్యాయంలో క్రీస్తు దిగివచ్చిన వర్ణన ఉంది. ఆయన దేవునితో సమానుడై ఉండీ ఆ స్థానాన్ని పట్టుకుని వేలాడలేదు. తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడు. దాసుడయ్యాడు. మనిషయ్యాడు. చావుకు లోబడ్డాడు. ఆ చావు కూడా సిలువ చావు. మెట్టు తరువాత మెట్టు దిగుతూ, ఇక దిగడానికి మెట్టు లేనంత వరకు దిగాడు. అక్కడి నుంచి ఆయనను పైకి హెచ్చించినది దేవుడే (ఫిలిప్పీ 2:6-9). క్రిస్మస్ పండుగలో, శుభ శుక్రవారంలో మనం ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు వింటాం. పౌలు మాత్రం దీన్ని మాటలు మానేసిన ఇద్దరు విశ్వాసులున్న సంఘానికి రాశాడు. క్రీస్తు అంత ఎత్తు నుంచి దిగాడు. యువొదియ, సుంటుకే చెరొక మెట్టు దిగలేరా?

మన కోనసీమలో నెలన్నర, రెండు నెలలకోసారి కొబ్బరి చెట్ల నుంచి కాయలు తీయిస్తాం. ఆ పనిని ఏమంటాం? ‘దింపు’ అంటాం. చెట్టెక్కేవారిని దింపు కార్మికులంటాం. ప్రాణాలకు తెగించి అంత ఎత్తు ఎక్కే పనికి దిగడం పేరే పెట్టారు మన పెద్దలు. ఎక్కినందుకు విలువ కిందికి కాయ వచ్చినప్పుడే! ఆత్మీయ జీవితమూ అంతే. ఉపవాస ప్రార్థనల్లో, కూటాల్లో, కొండమీది ధ్యానాల్లో మనం ఎంత ఎత్తు ఎక్కినా, ఆ ఎత్తు నుంచి పొరుగువాడికి ఏం దించామన్నదే లెక్క. రూపాంతర కొండ మీద పేతురు గుడారాలు వేసుకుని అక్కడే ఉండిపోదామన్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. కొండ కింద ఒక తండ్రి తన జబ్బు పిల్లవాణ్ని పట్టుకుని ఎదురు చూస్తున్నాడు (లూకా 9:28-42).

అదే పేతురు యొప్పేలో మిద్దె మీద ప్రార్థన చేసుకుంటుంటే ఆత్మ అతణ్ని దిగమన్నాడు (అపొ.కా. 10:20). కింద నిలబడి ఉన్నవారు అన్యజనుడైన కొర్నేలీ పంపిన మనుషులు. పేతురు పుట్టిపెరిగిన ఆచారం ప్రకారం వారితో కలవకూడదు. అయినా దిగాడు, వారిని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చాడు. ఒకే పల్లవి పాడి, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి కులం అడిగే మన సంఘాలు ఈ మిద్దె మెట్లను మరిచిపోకూడదు.

ముందు ఎవరు దిగాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దిగమని చెప్పే ఈ వాక్యాన్ని పైవారు కిందివారి మీద ప్రయోగించడం మన మధ్య ఎక్కువయింది. తాగి కొట్టే భర్త విషయంలో ‘నువ్వే సర్దుకుపోవాలమ్మా’ అని ఆ ఇల్లాలికి హితబోధ చేస్తాం. కూలి డబ్బు ఎగ్గొట్టిన ఆసామి గురించి ‘క్షమించేయ్ బాబూ’ అని కూలివాడికి చెబుతాం. చిట్టచివరి మెట్టు మీద నిలబడి ఉన్నవారిని ఇంకా దిగమంటే వారు ఎక్కడికి దిగాలి? ఫిలిప్పీ పత్రికలో దిగినవాడు అందరికంటే పైనున్నవాడు. కాబట్టి ముందు దిగవలసింది అధికారం ఉన్నవారు. సంఘపెద్ద విశ్వాసి కంటే ముందు దిగాలి. అన్న తమ్ముడి కంటే ముందు, అత్తగారు కోడలి కంటే ముందు, పొలం ఎక్కువ దక్కించుకున్నవాడు తక్కువ దక్కినవాడి కంటే ముందు దిగాలి.

దిగడమంటే లెక్క ఎగవేయడం కూడా కాదు. జక్కయ్య యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. ప్రభువు చెట్టు కింద నిలబడి అతణ్ని త్వరగా దిగమన్నాడు (లూకా 19:5). దిగినవాడు కన్నీళ్లతో ప్రార్థన చేసి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. గట్టు జరిపినవాడు గట్టును వెనక్కి జరపాలి. అప్పు తీసుకున్నవాడు అప్పు తీర్చాలి. అప్పుడే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పిన మాట మన ఇంటికి కూడా వర్తిస్తుంది.

గోదావరి సంగతి చూడండి. 1832–33 నాటి కరువుతో అల్లాడిన ఈ డెల్టాకు ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. తరువాతి కాలంలో దాని స్థానంలో బ్యారేజి వచ్చింది. అక్కడి నుంచి కాలువల్లోకి వదిలిన నీరు మన పొలాల దాకా ఎలా వస్తోంది? పల్లం ఉంది గనుక వస్తోంది. ఎత్తుగా ఉన్న మెరక దిబ్బకు కాలువ పక్కనే పారుతున్నా తడి అందదు. దేవుని కృప కూడా పల్లం వెతుక్కుంటూనే పారుతుంది. మన పక్కనే రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హ్యాచ్ కుష్ఠు రోగుల మధ్య సేవ చేశారు. ఊరు దూరం పెట్టినవారి దగ్గరికి సముద్రాలు దాటి వచ్చినవారు మనకు సువార్తను చెప్పడమే కాదు, ఎలా దిగాలో కూడా చూపించారు.

బల్ల దగ్గరికి రాకముందు

ప్రభువు ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. బలిపీఠం దగ్గర అర్పణ అర్పించేటప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తుకు వస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు (మత్తయి 5:23, 24). నీకు అతని మీద కోపముంటే అనలేదు, అతనికి నీ మీద ఏదైనా ఉంటే అన్నాడు. అంటే నొచ్చుకున్నది ఎదుటివాడైనా లేచి వెళ్లవలసినది నేనే. అర్పణ ఆగవచ్చు, అది ఆగకూడదు.

చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఆ ముందురోజు, శనివారం సాయంత్రం, పాలు పొందబోయే మనలో ప్రతి ఒక్కరం ఒక పని చేయవచ్చు. మాటలు లేని ఇల్లు ఏదో మనకు తెలుసు. అక్కడికి నడిచి వెళ్లాలి. వెంట పదిమందిని తీసుకెళ్లనక్కరలేదు. పాత కాగితాలు, సాక్షులు, సర్వే కొలతలు ఆ రోజుకు వద్దు. ‘అన్నయ్యా, బాగున్నావా?’ అని అడిగితే చాలు. తలుపు తీయకపోవచ్చు. తీసినా కూర్చోమనకపోవచ్చు. ఏశావు పరుగెత్తి వచ్చినట్టు అందరూ పరుగెత్తి రారు. అయినా మనం దిగిన మెట్టు వృథా కాదు. ఆ మెట్టు మీద మనకంటే ముందే దిగి నిలబడి ఉన్న ప్రభువు మనకు ఎదురవుతాడు.

పెద్దలు, పాదిరిగార్లు కూడా పౌలు కోరినట్టు సహాయం చేయాలి. ఇద్దరిలో ఎవరి పక్షం ఎక్కువ ఓట్లు తెస్తుందో చూడకుండా ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలి. పిల్లలు మన కోపాలను ఆస్తిగా పొందకూడదు. పెదనాన్న గడప తెలియని పిల్లవాడికి పరలోకపు తండ్రి ఇంటి గురించి మనం ఎలా బోధిస్తాం?

మ్యూజియంలో జనం ఒకరికొకరు తగలకుండా సాగిపోవడానికి రెండు దారులు కట్టడం తెలివైన పనే. మందిరం మ్యూజియం కాదు. అక్కడికి వచ్చేవారు ఒకరి శరీరంలో ఒకరు అవయవాలు. కనుక వచ్చే ఆదివారం దీవెన ప్రార్థన అయ్యాక చెప్పుల కోసం తొందరపడకుండా కాసేపు మందిరపు మెట్ల మీదే నిలబడదాం. ఎవరికి ఎదురుపడకూడదని ఇన్నాళ్లూ పక్క తలుపులోంచి వెళ్లిపోతున్నామో ఆ మనిషి వచ్చేదాకా ఆగుదాం. వచ్చాక ఒక మెట్టు మనమే ముందు దిగుదాం. పరలోకం నుంచి మన కోసం దిగివచ్చిన ప్రభువు ఆ ఒక్క మెట్టు దిగే బలాన్ని మనందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.